మూడవ ప్రకటన

తప్పులు పట్టడం నా ఉద్యోగం. నా స్వభావం కూడా అదేనని మా ఇంట్లోవాళ్లు అనేవారు. అన్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు గనక ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

కడియం నర్సరీల వాళ్లకి సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ మాది. ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయి, ఏ లారీ ఏ ఊరికి వెళుతోంది, దారిలో ఎక్కడ ఆపి నీళ్లు కొట్టాలి, ఇవన్నీ ఫోన్లో చూసుకునేలా చేస్తాం. మొత్తం ఎనిమిది మందిమి. ఎవరు రాసిన కోడయినా అసలు ప్రోగ్రాములో కలిపే ముందు ఇంకొకరు చదివి, తప్పులుంటే చెప్పి, బాగుంటే 'సరే' అని రాయాలి. దాన్ని రివ్యూ అంటాం. అందరి కోడూ నేను చదువుతాను. నా కోడు మాత్రం ఫిన్నీ చదువుతాడు. ఎదుట ఫిన్నీ గారు, మనసులో ఫిన్నీ.

ఎవరి పని ఎవరు చూడాలో రాసిపెట్టుకున్న ఫైలు ఒకటుంది. ఓనర్స్ ఫైలంటాం. 'మెర్సీ రాసినది ఫిన్నీ చూడాలి' అన్న లైను అందులో తొమ్మిదేళ్ల కిందట నేనే రాశాను. నా పేరు పక్కన ఇంకొకరి పేరు ఉన్న చోటు ఈ భూమ్మీద అదొక్కటే. అప్పుడప్పుడు పనేం లేకపోయినా ఆ ఫైలు తెరిచి చూసి మూసేసేదాన్ని.

ఇక దాచడమెందుకు, నాకు ఫిన్నీ అంటే ఇష్టం. నాకు నలభై రెండు, అతనికి నలభై నాలుగు. నాకొచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టి తిప్పికొట్టాను. ఒకాయన గట్టిగా నవ్వుతాడని కూడా వద్దన్నాను. ఫిన్నీ వాళ్లమ్మ మంచాన ఉన్నన్నాళ్లూ అతను పెళ్లి మాటే ఎత్తలేదు. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఏదో ఒకరోజు అతను అడుగుతాడనుకున్నాను. నేనే అడగొచ్చని కూడా అనుకున్నాను. అనుకోవడంతోనే సరిపోయింది.

కరోనాకు ముందు రాజమండ్రి దానవాయిపేటలో మాకు ఆఫీసుండేది. నేను నిడదవోలు నుంచి, అతను సామర్లకోట నుంచి రైల్లో వచ్చేవాళ్లం. సాయంత్రం స్టేషన్లో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. నా రైలు వంతెన మీదుగా అటు, అతని రైలు ఇటు. ఎవరి రైలు ముందొస్తే వాళ్లు లేచేవారు. రైళ్లు ఆలస్యమని స్టేషనంతా తిట్టుకునేది. నేను ఒక్కనాడూ తిట్టలేదు. తర్వాత ఆఫీసు ఎత్తేసి అందర్నీ ఇళ్ల నుంచే పని చెయ్యమన్నారు. బెంచీ పోయింది, రివ్యూ మిగిలింది.

రివ్యూలో మేం రాసుకునేవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే. కోడులో ఒక్కో పని చేసే ముక్కని ఫంక్షన్ అంటాం. "ఈ ఫంక్షన్ ఇంత పొడుగెందుకండీ, గోదావరి వంతెనా?" అని నేను రాస్తే, "మీరు దాటగలరనే రాశానండి" అని అతను రాసేవాడు. నా కోడులో తప్పు దొరికితే "మీక్కూడా పొరపాట్లు వస్తాయని తెలిసి ఇవాళ అన్నం సహించిందండి" అనేవాడు. రోజుకు నాలుగైదు కామెంట్లు. నేనొక్కదాన్నే ఉండే ఇంట్లో పాలవాడితో అనే రెండు మాటలు పోను, నేను మాట్లాడే మాటలన్నీ అవే. అందుకని, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్కోసారి నా కోడులో చిన్న చిన్న తప్పులు కావాలనే వదిలేసేదాన్ని.

ఈ జూన్‌లో మా యజమాని శివరామకృష్ణ గారు ఫోన్ చేశారు.

"మెర్సీ గారూ, అన్నీ మీ దగ్గరికొచ్చి ఆగిపోతున్నాయండి. మన గంగాధర్ కోడులో చేసి పంపిన మార్పు వారం నుంచి మీ దగ్గరే ఉందట కదా?"

"దాన్లో తప్పులున్నాయండి."

"ఉంటాయండి, ఎందుకుండవు? ఆ తప్పులేవో మెషీన్ పట్టుకుంటుందట. రివ్యూ టూలొకటి తీసుకున్నాం. మీకు తెలిసిందంతా దానికి నేర్పెయ్యండి. మీరూ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు."

ఊపిరి బాగానే పీల్చుకుంటున్నానండీ అందామనుకుని, సరేనన్నాను. పొగిడినట్టే పొగిడి నా కుర్చీ కింద నుంచి లాగేశారాయన. అయినా పని మొదలుపెట్టాక నాకు రోషం వచ్చింది. చేస్తే సరిగ్గా చెయ్యాలి. తొమ్మిదేళ్లలో నేను రాసిన కామెంట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఏ తప్పుంటే మార్పును ఆపేయాలి, దేనికి హెచ్చరించి ఊరుకోవాలి, దేన్ని చూసీ చూడనట్టు వదిలేయాలి, ఒక్కొక్కటే టూలులో పెట్టుకుంటూ వచ్చాను. రెండు వారాలు పట్టింది. నా కోపాలన్నీ నిబంధనలయ్యాయి.

చివరగా ఒక ప్రశ్న మిగిలింది. టూలు చూసేశాక, చూడాల్సిన మనిషి ఏ మాటా చెప్పకపోతే ఎన్నాళ్లు ఆగాలి? ఆ తర్వాత ఏం చెయ్యాలి? శివరామకృష్ణ గారి బాధంతా దాని గురించే. అప్పుడు నాకు మా చర్చి గుర్తొచ్చింది. మా లూథరన్ చర్చిలో ఎవరికైనా పెళ్లి కుదిరితే పాస్టరు గారు వరసగా మూడు ఆదివారాలు ప్రకటిస్తారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ మూడు వారాల్లో చెప్పాలి. చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే, పెళ్లి జరిగిపోతుంది. నేను పుట్టిన దగ్గర్నుంచి వింటున్నాను, ఒక్కరూ లేచి నిలబడిన పాపాన పోలేదు. ఇదేదో బాగుందనిపించింది. ఆదివారాలకు బదులు రోజులు పెట్టాను. మార్పు పేజీలో టూలు మూడు రోజులు మూడు ప్రకటనలు పెడుతుంది. చూడాల్సిన మనిషికి మెయిలు పంపుతుంది. మూడు రోజులూ ఎవరూ మాట్లాడకపోతే నాలుగో రోజు తనే కలిపేస్తుంది. సరదాకి ఆ ప్రకటన కూడా చర్చి భాషలోనే రాశాను. 'ఈ మార్పునకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన.'

మిగతావాళ్లు అదేదో సర్కారు నోటీసనుకున్నారు. ఫిన్నీ ఒక్కడికే అర్థమైంది. "పాస్టరమ్మ గారికి వందనాలు. ఇకనుంచి మనవన్నీ పెళ్లిళ్లేనన్నమాట" అని రాశాడు. ఆ కామెంటు ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు.

టూలు బ్రహ్మాండంగా పనిచేసింది. నా చావుకొచ్చింది అక్కడే. ఫిన్నీ కోడులో ఏ తప్పున్నా నా దాకా రాకముందే అది పట్టేసేది, అతను దిద్దేసేవాడు. కడిగిన కంచంలాంటి కోడు నా ముందుకొచ్చేది. అనడానికి ఏమీ ఉండేది కాదు. 'సరే' అని నొక్కేదాన్ని. నేను కావాలని వదిలే తప్పుల్ని కూడా అది వదిలేది కాదు.

దానికి తోడు తేజస్వి అని కొత్తగా చేరిన అమ్మాయి. మంచి పిల్లే. కానీ ప్రోగ్రాము ఎలా వాడాలో చెప్పే కాగితాల్లో కామాలు, ఫుల్‌స్టాపులు దిద్దుతూ రోజుకు పది మార్పులు పంపేది. ఒక్కోదానికి మూడేసి ప్రకటనలు, ముప్పై మెయిళ్లు. ఆగస్టు మొదట్లో ఒకరోజు ఒళ్లు మండి సెట్టింగుల్లోకి వెళ్లి, 'కోడు లేని ఫైళ్ల మార్పులకు నాకు నోటీసు పంపవద్దు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఒక్క టిక్కు. ఆ రోజంతా మెయిలు ప్రశాంతంగా ఉంది.

ఆగస్టు నెలాఖరు నుంచి ఫిన్నీ కామెంట్లు ఆగిపోయాయి. నేను పంపిన మార్పుల్ని టూలు చూసేది, మూడు ప్రకటనలయ్యాక కలిపేసేది. అతని మాట ఒక్కటీ ఉండేది కాదు. ఆ దిగులుతో ఓనర్స్ ఫైలు తెరవబుద్ధి కాలేదు, చూడాల్సినవారి పేరుండే చోటు వైపూ చూడలేదు. టూలు పెట్టింది నేనేనాయె, ఎవర్నని ఏం లాభం అనుకున్నాను. ఉండబట్టలేక ఒకసారి విడిగా మెసేజ్ పెట్టాను. "బాగున్నారాండీ?" "బాగున్నానండి." అంతే. కిందికి జరిపి చూశాను, ఇంకేమైనా ఉందేమోనని. లేదు. కొన్నాళ్లకి అతను ఉద్యోగం మానేస్తున్నాడని, అక్టోబరు సగం దాకా ఉంటాడని శివరామకృష్ణ గారు అందరికీ ఒక మెయిలు పెట్టారు. కారణం రాయలేదు. నేను అడగలేదు. అడిగితే చెప్పినదాన్ని తట్టుకోవాలి కదా.

సెప్టెంబరు మూడో ఆదివారం చర్చిలో పాస్టరు గారు కళ్లద్దాలు సవరించుకుని కాగితం తీశారు. "సామర్లకోట వాస్తవ్యులు, కీర్తిశేషులు దేవదానం గారి కుమారుడు ఫిన్నీకిని, మన సంఘ సభ్యురాలు ఏసమ్మ గారి కుమార్తె సారికకును వివాహము నిశ్చయమైనది. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన."

సారిక నాకు రెండు వరసల ముందు కూర్చుని ఉంది. వైజాగ్‌లో టీచరు. సెలవులకొచ్చినప్పుడు క్వయర్‌లో పాడుతుంది. తల వంచుకుంది, చెవులు ఎర్రబడ్డాయి. పక్కనున్నావిడ నన్ను మోచేత్తో పొడిచి, "సామర్లకోటంటే మీ ఆఫీసులో అబ్బాయేగా అమ్మా, నీకు తెలిసే ఉంటుందిలే" అంది. తెలుసన్నట్టు తలూపాను. ఆ తర్వాత ఏ కీర్తన పాడారో, ఏ వాక్యం చదివారో నాకు తెలియదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద కూర్చుండిపోయాను.

సోమవారం పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని, అతని కామెంట్లు ఎప్పుడు ఆగాయో వెనక్కి వెనక్కి వెళ్లి చూశాను. తప్పు ఎక్కడుందో వెతకడం తప్ప నాకు ఇంకేం చాతనవును? చివరి కామెంటు ఆగస్టు ఇరవై. దాని తర్వాత రెండు రోజులకు అతను ఒక మార్పు పంపాడు. కోడు కాదు. ఓనర్స్ ఫైలు. తీసేసింది ఒక్కటే లైను. 'మెర్సీ రాసినది ఫిన్నీ చూడాలి.'

కింద ఇలా రాసి ఉంది:

"మెర్సీ గారూ, మా అక్క ఒక సంబంధం చూసింది. అమ్మాయి వైజాగ్‌లో టీచరు. కుదిరితే నేనూ అక్కడికే వెళ్లిపోవాలి. వాళ్లకి ఇంకా మాట ఇవ్వలేదు. ఈ లైను తీసెయ్యమంటారా? ఎదురుగా అడగడానికి ఇప్పుడు బెంచీ కూడా లేదు, ఉన్నా నాకు నోరు రాదు. అందుకే మీరు పెట్టిన పద్ధతిలోనే అడుగుతున్నాను. మీకు అభ్యంతరం ఉంటే మూడు రోజుల్లో ఒక్క మాట రాయండి. నాకది చాలు. రాయకపోతే మాట ఇచ్చేస్తాను."

దాని కింద టూలు పెట్టిన మొదటి ప్రకటన. రెండవ ప్రకటన. మూడవ ప్రకటన. ఆ కింద, 'అభ్యంతరములేవియు రానందున ఈ మార్పు ఆమోదించబడినది.' అన్నీ నేను రాసిన మాటలే.

కోడు లేని ఫైలు గనక నాకు నోటీసు రాలేదు. ఆ మూడు రోజులూ నేను ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే స్క్రీను చూస్తూ, ఎవరి కోడులోనో ఒక ఫంక్షనుకు పేరు సరిగ్గా పెట్టలేదని వాదిస్తున్నాను.

ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. తర్వాత లేచి మొహం కడుక్కుని, ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయనుకున్నాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను. వారమంతా అదే పని. ఏమని చెప్పాలి? టిక్కు పెట్టుకున్నానండీ, అందుకని మీ పెళ్లి ఆపండి అనా?

రెండో ఆదివారం రెండవ ప్రకటన అయ్యాక సారిక తనే నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మీ గురించి ఆయన ఎంత చెప్తారో తెలుసా? పనంతా మీ దగ్గరే నేర్చుకున్నారంట. మీరు చాలా కచ్చితం అంట కదా?"

"ఆఫీసులోనేనమ్మా" అన్నాను.

"పెళ్లికి మీరు ముందు రోజే వచ్చెయ్యాలి. నాకు అక్కల్లేరు."

కోపం తెచ్చుకుందామని చూశాను. ఆ పిల్ల మీద రాలేదు. తప్పు పట్టడానికి వెతికాను, కనీసం గట్టిగా నవ్వను కూడా నవ్వదు.

మర్నాడు సోమవారం మధ్యాహ్నం ధైర్యం చేసి ఫిన్నీకి ఫోన్ చేశాను. తియ్యగానే వెనకాల సందడి వినిపించింది. రాజమండ్రిలో పెళ్లి బట్టలు కొంటున్నారట.

"చెప్పండి మెర్సీ గారూ."

"ఓనర్స్ ఫైలు... మీరు రాసింది మొన్నే చూశానండి."

సందడి తగ్గింది. బయటికి నడిచినట్టున్నాడు.

"మొన్నేనా అండి?"

"కోడు లేని ఫైళ్లకి నోటీసు రాకుండా పెట్టుకున్నాను. ఆ తేజస్వి కామాలకి విసిగిపోయి."

"నేను మీరు చూశారనే అనుకున్నానండి" అన్నాడు నెమ్మదిగా. "మీరు చూడనిది ఏదైనా ఉంటుందని నాకు తట్టలేదు. చూసి ఊరుకున్నారనుకున్నాను. మర్యాదకి ఏమీ అనలేదనుకున్నాను."

"లేదండి. చూడలేదు."

రోడ్డు మీద ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. అప్పుడతను అడిగాడు.

"చూసుంటే ఏమనేవారండి? ఇప్పుడైనా చెప్పండి. అభ్యంతరం ఉందా?"

తొమ్మిదేళ్లలో నేను పెట్టిన అభ్యంతరాలు అన్నీ ఇన్నీ కావు. ఖాళీ ఎక్కువైందని, పేరు పొడుగైందని, లైను వంకరగా ఉందని, ఎంతమందినో ఆపేశాను. 'ఉంది' అనడానికి రెండే అక్షరాలు. నోటిదాకా వచ్చింది. ఇంతలో వెనకాల నుంచి "ఫిన్నీ గారూ, లోపలికి రండి, ఈ రంగు మీరే చెప్పాలి" అని సారిక గొంతు. నాకు అక్కల్లేరు అన్న గొంతే.

"లేదండి" అన్నాను. "మీరు వెళ్లండి, పిలుస్తున్నారు."

అతను వెంటనే పెట్టెయ్యలేదు. "సరేనండి" అన్నాడు. తర్వాత పెట్టేశాడు.

అలా అన్నందుకు నన్ను నేను క్షమించుకోలేదు. అనకపోయి ఉంటే కూడా క్షమించుకునేదాన్ని కాదు. మంచిపని చేశానని ఎవరైనా అంటే కొట్టాలనిపిస్తుంది.

మూడో ఆదివారం వెళ్లకుండా ఉందామనుకున్నాను, వెళ్లాను. పాస్టరు గారు చదివారు. "ఇది మూడవ ప్రకటన." ఎప్పటిలాగే కాగితం మడుస్తూ ఒక్క క్షణం ఆగారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరిదో చంటిపిల్ల ఏదో అంది. నేను లేవలేదు. పాస్టరు గారు కాగితం బైబిల్లో పెట్టుకున్నారు.

సోమవారం పొద్దున కంప్యూటరు తెరిచి ముందుగా ఆ టిక్కు తీసేశాను. తర్వాత టూలు సెట్టింగుల ఫైలు తెరిచి, మూడు రోజుల నిబంధన మొత్తం కొట్టేశాను. దాని చోట ఇలా రాశాను: 'ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు. చూడాల్సిన మనిషి సరే అనో, వద్దు అనో నోరు తెరిచి చెప్పేదాకా ఏ మార్పునూ కలపరాదు. ఎన్నాళ్లయినా ఆగాలి.'

నేను రాసింది గనక ఇది కూడా రివ్యూకే వెళ్లాలి. చూడాల్సినవారు అన్న చోట ఖాళీ. నా పేరు పక్కన ఇప్పుడెవరూ లేరు కదా. ఆ ఖాళీలో నేనే ఫిన్నీ పేరు టైపు చేసి పంపాను. అతనికి ఇంకా పది రోజుల ఉద్యోగం ఉంది. సరే అన్నా చాలు, వద్దన్నా చాలు, వంతెనంత పొడుగు వాక్యం రాశారేంటండీ అని వెక్కిరించినా చాలనుకున్నాను.

సోమవారం మొదటి ప్రకటన పడింది. మంగళవారం రెండవ ప్రకటన. బుధవారం మూడవది. ఫిన్నీ పేరు పక్కన, అతను ఆన్‌లైన్లో ఉన్నాడని చెప్పే ఆకుపచ్చ చుక్క మూడు రోజులూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుగుతూనే ఉంది. మధ్యలో అన్నం తినడానికి లేచినా కంచం తెచ్చుకుని దాని ముందే కూర్చున్నాను.

కొత్త నిబంధన ఇంకా అమల్లోకి రాలేదు. కాబట్టి దానికి పాత నిబంధనే వర్తిస్తుంది. గురువారం పొద్దున నేను టీ గ్లాసుతో వచ్చి చూసేసరికి టూలు తన పని తాను చేసేసింది.

'అభ్యంతరములేవియు రానందున ఈ మార్పు ఆమోదించబడినది.'